తలుపు దాకా వచ్చినవాడు

"ఫోన్ రాలేదక్కా. ఫోన్ వచ్చిందని ఫొటో మాత్రం వచ్చింది," అంది దర్జీ అమ్మాయి, పగిలిన తెర మీద ఆ ఫొటో చూపిస్తూ.

ఆరా ఫొటో కేసి చూసింది. ఎదురుగా ఉన్న తలుపు కేసి చూసింది. మళ్లీ ఫొటో చూసింది. నీలం రంగు తలుపు, గడియకి వేలాడే ఇత్తడి తాళం, గుమ్మం పక్కన గోడకి ఆనించిన చిన్నపిల్లల పసుపుపచ్చ వానబూట్లు. రెండు చోట్లా అవే. తేడా ఒక్కటే. ఫొటోలో గుమ్మం ముందు ఓ అట్టపెట్టె ఉంది. ఇక్కడ లేదు.

ఆమె అసలు పేరు ఏదైనా అందరికీ ఆరాయే. అడిగినదానికి జవాబు దొరికేదాకా కొంగు వదిలేది కాదని చిన్నప్పుడు నాయనమ్మ పెట్టిన పేరు. ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు కట్టుకున్నాక ఆ పేరే అక్కరకొచ్చింది.

"పోలీసుల దగ్గరికి వెళ్లావా?"

"వెళ్లానక్కా. నవ్వారు. సగం ధరకి ఫోన్ కొన్నవాళ్లకి పెట్టె కూడా రాదు, నీకు ఫొటో అయినా వచ్చింది, సంతోషించు అన్నారు."

నిజానికి పొద్దున ఫోన్లో విన్నప్పుడు ఆరా కూడా ఇది చిన్న కేసనే అనుకుంది. దొంగ ట్రాకింగు మోసాలు ఆమెకి కొత్తవి కావు. పాత ఫోన్లు అమ్మే యాప్‌లో ఎవడో ప్రకటన పెడతాడు. డబ్బు అందగానే ఓ లింకు పంపుతాడు. నొక్కితే అచ్చం కొరియర్ కంపెనీ పేజీ లాగే తెరుచుకుంటుంది. పార్సిల్ బయల్దేరింది, దారిలో ఉంది, మీ ఊరు చేరింది. పేజీలో పచ్చగీత ముందుకి పాకుతుంటే కొన్నవాళ్లు నాలుగు రోజులు దాన్నే చూసుకుని మురిసిపోతారు. ఈలోగా అమ్మినవాడు దుకాణం కట్టేస్తాడు. చివరికి 'డెలివర్ అయింది' అని పడుతుంది. లేని పార్సిల్ గాల్లో బయల్దేరి గాల్లోనే చేరుతుంది.

అయితే లేని పార్సిల్‌కి ఫొటో ఎక్కణ్ణుంచి వచ్చింది?

"ఇది నీ తలుపే," అంది ఆరా.

"అవునక్కా. అందుకే నా మాట ఎవరూ నమ్మడం లేదు. ఇంటి ముందు పెట్టాక పోతే మాకేం సంబంధం అంటున్నారు యాప్ వాళ్లు."

"నేననేది వేరమ్మా. ఇలాంటి దొంగలు కుర్చీలోంచి లేవరు. ఊరు దాటి రారు, మెట్లు ఎక్కరు. నీ ఫోన్ రాలేదు, సరే. కానీ ఎవడో వచ్చాడు."

దర్జీ అమ్మాయి చెయ్యి తనకి తెలియకుండానే పక్కనున్న పాప భుజం మీదికి వెళ్లింది. పాపకి ఆరేళ్లుంటాయి. రెండు చెవుల వెనకా రెండు చెవి మిషన్లు. ఎవరు మాట్లాడితే వాళ్ల పెదవుల మీదికి చూపు తిప్పుతోంది. ఆరా తనకేసి తిరగ్గానే అరచేతిని గుండెల మీద తట్టి వేళ్లు రెండుసార్లు ఆడించింది.

"ఏమంటోంది?"

"మీరు ఫోన్ తెచ్చారా అని అడుగుతోంది."

ఆరా లేదన్నట్టు తల ఊపి, ఫొటోని వేళ్లతో పెద్దది చేసింది.

"ఎప్పుడు డెలివర్ అయిందని చూపిస్తోంది?"

"నిన్న, బుధవారం పొద్దున పదకొండున్నరకి."

"ఈ మెట్ల దగ్గర లైటు ఎప్పుడు వేస్తారు?"

"చీకటి పడ్డాకే. ఇంటావిడ మహా పొదుపరి. కరెంటు బిల్లు ఆవిడ ప్రాణం."

"మరి ఈ తాళం చూడు. పైనుంచి బల్బు వెలుగు పడి మెరుస్తోంది. ఇది పొద్దున తీసిన ఫొటో కాదు. మొన్న సాయంత్రం నువ్వు ఎక్కడున్నావు?"

"మొన్న... మంగళవారం కదా. ప్రతి మంగళవారం సాయంత్రం పాపని చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను."

"ఆ సంగతి ఎవరికి తెలుసు?"

"ఎవరికీ తెలియదక్కా. మేం ఈ ఊరొచ్చి ఏడాది కూడా కాలేదు. నాకు ఇక్కడ..." దర్జీ అమ్మాయి సగంలో ఆగిపోయింది. "ఆ పేజీలో అడిగారు. ఏ వేళ ఇంట్లో ఉంటారు, ఏ వేళ ఉండరు అని. డెలివరీ అబ్బాయి వచ్చి తిరిగెళ్లిపోకుండా ఉండటానికట."

"ఇంకా ఏమడిగారు?"

"లొకేషన్ ఆన్ చెయ్యమన్నారు. పార్సిల్ ఎవరు తీసుకుంటారో గుర్తు కోసం సెల్ఫీ పెట్టమన్నారు."

"పెట్టావా?"

"పెట్టాను." ఆమె పాప కేసి చూసింది. "పాపతో కలిపి."

ఆరా నోటిదాకా వచ్చిన మాటలు ఆ పిల్ల కళ్లెదుట అనేవి కావు. ఆమె మోకాళ్ల మీద కూర్చుని తాళాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఒక్క గీత లేదు. గడియ మేకులు కదల్లేదు. దొంగతనానికి వచ్చినవాడైతే తాళం పట్టి లాగైనా చూసేవాడు. వీడికి లోపల ఏముందో అక్కర్లేదు.

మరి ఏం కావాలి? మళ్లీ ఫొటో తెరిచి చూసింది. ఈసారి ఆమెకి కనబడవలసింది కనబడింది. పార్సిల్ ఇచ్చానని రుజువు చూపించేవాడు పార్సిల్‌ని నడిమధ్యన పెట్టి తీస్తాడు. ఇందులో అట్టపెట్టె ఓ మూలకి సగం తెగిపోయి ఉంది. నడిమధ్యన, సూదిమొనంత స్పష్టంగా ఉన్నవి ఆ పసుపుపచ్చ వానబూట్లు.

గది రెండో అంతస్తు చివర ఉంది. దాని పక్కనుంచే మేడ మీదికి ఇంకో మెట్ల వరస. మేడ తలుపుకి ఎప్పుడూ తాళమే కాబట్టి అటు ఎవరూ ఎక్కరు. మెట్ల మీద దుమ్ము దుప్పటిలా పరుచుకుని ఉంది. ఆరా చీర కుచ్చిళ్లు ఓ చేత్తో ఎత్తిపట్టుకుని గోడ వారగా ఎక్కింది. మలుపు తిరిగిన చోట ఓ మెట్టు మీద దుమ్ము లేదు. సరిగ్గా ఓ మనిషి కూర్చునేంత మేర తుడుచుకుపోయింది. కింది మెట్టు మీద రెండు మడమల గుర్తులు లోతుగా దిగి ఉన్నాయి.

ఆమె అక్కడే కూర్చుంది. ఊచల సందులోంచి నీలం తలుపు పైనుంచి కిందిదాకా కనిపిస్తోంది.

"అమ్మాయ్, తాళం తియ్యి. తీస్తూ పైకి చూడు. నేను కనిపిస్తున్నానా?"

"లేదక్కా. ఎక్కడున్నారు?"

ఆరా కిందికి దిగి వచ్చింది. "ఫొటో తీసుకుని వెళ్లిపోలేదు. మీరు డాక్టరు దగ్గర్నుంచి తిరిగొచ్చేదాకా అక్కడ కూర్చున్నాడు. మీ ఇద్దర్నీ కళ్లారా చూసుకుని అప్పుడు వెళ్లాడు."

దర్జీ అమ్మాయి పాపని దగ్గరికి లాక్కుంది. తాళంచెవి చేతిలోనే ఉండిపోయింది.

"నీకెవరితోనైనా గొడవలున్నాయా?"

"లేవక్కా."

"పాప నాన్న?"

"లేరక్కా."

అంత చిన్న మాట అనేసి ఆమె వంగి పాప చెప్పు పట్టీ సరిచెయ్యడం మొదలుపెట్టింది. సరిగ్గానే ఉన్న పట్టీని విప్పి మళ్లీ పెట్టింది. భర్త పోయిన ఆడదాన్ని తలుపు దగ్గర నిలబెట్టి ఇంకా ఏమడుగుతాం అనుకుని ఆరా ఆ మాట అక్కడితో వదిలేసింది.

"నాలుగు జతల బట్టలు సర్దుకో. ఈ కేసు తేలేదాకా మా ఇంట్లో ఉందురుగాని. మా అత్తగారు ఒక్కరే ఉంటారు. ఆవిడ మాట్లాడుతూనే ఉంటారు, నువ్వు ఊఁ కొడితే చాలు. అమ్మినవాడు ఫోన్ చేస్తే ఎత్తకు. మెసేజీ పెడితే జవాబివ్వకు. తెలిసిందా?"

"తెలిసింది. మరి... ఫోన్ దొరుకుతుందా అక్కా?" ఆ భయంలో కూడా ఆమెకి దాని మీద ఆశ చావలేదు. "పాప మిషన్లకి ఆ మోడలే కుదురుతుంది. మిగతావాటితో కలవవు. ఆ ఫోన్ ఉంటే బళ్లో టీచరు మాట తిన్నగా మిషన్లోకే వస్తుందట. కొత్తది కొనే తాహతు నాకెక్కడిది? ఇదొక్కటే దొరికింది."

"చూద్దాం," అంది ఆరా. ఆ మాట ఆమెకే నచ్చలేదు.

*

ప్రకటన పెట్టిన అకౌంటు ఎవరిదో పట్టుకోవడం పెద్ద కష్టం కాలేదు. పాత ప్రకటనల ఫొటోల్లో ఫోన్ల వెనకాల ప్రతిసారీ ఒకే ఆకుపచ్చ గాజుబల్ల, ఒకే విరిగిన స్టూలు. బజార్లో మెట్ల కింద ఇరుక్కుని ఉన్న ఫోన్ రిపేరు కొట్లో మధ్యాహ్నానికి ఆ స్టూలు మీదే ఆరా కూర్చుంది.

మెకానిక్ ముప్పై దాటనివాడు. కంటికి తగిలించుకున్న చిన్న భూతద్దం తియ్యకుండానే తలెత్తాడు.

"ఈ ఫోన్ నువ్వే అమ్మావా?" ఆరా తన ఫోన్లో ప్రకటన చూపించింది.

"అమ్ముడైపోయింది మేడం. ఇంకోటి చూపిస్తాను."

"దేంట్లో పంపావు?"

"కొరియర్లో."

"ఏ కొరియరు?"

"రోజూ ఎన్నో పంపుతుంటాం మేడం, గుర్తుండదు."

"రోజూ పంపేవాడి కొట్లో ఒక్క అట్టపెట్టె లేదు. టేపు చుట్ట లేదు. దేంట్లో చుట్టి పంపుతావు బాబూ, జేబురుమాల్లోనా?"

మెకానిక్ భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. బయటికి చూశాడు. బేరానికి వచ్చినవాళ్లు ఎవరూ లేరు.

"మీరు పోలీసా?"

"కాదు. పోలీసులొచ్చేలోగా వచ్చినదాన్ని. నాకు చెబితే కాస్త గౌరవంగా ఉంటుంది."

"అకౌంటు నాదే. అమ్మింది నేను కాదు." మాటలు గబగబా దొర్లాయి. "ఓ పెద్దమనిషి వచ్చి అకౌంటు మూడు వారాలకి అద్దెకివ్వమన్నాడు. నా మీద ఒక్క కంప్లెయింటు లేదు మేడం, ఐదు చుక్కల రేటింగు. దాన్ని చూసే వచ్చాడు."

"అంటే ఇంటి తాళాలు దొంగకి అద్దెకిచ్చావు."

"దొంగ కాదు మేడం!" ఈసారి అతని గొంతులో నిజమైన కోపం ఉంది. "నేనూ భయపడి రోజూ చూస్తూనే ఉన్నాను. కొన్నవాళ్లందరికీ డబ్బు వెనక్కి వెళ్లిపోయింది. స్టాకు లేదని చెప్పి పైసాతో సహా ఇచ్చేశాడు. మోసం చేసేవాడు డబ్బు తిరిగిస్తాడా? మీరే చూడండి."

ఫోన్ ఆమె ముందుకు తోశాడు. ఆరా ఇన్నేళ్లలో ఎన్నో రకాల మోసగాళ్లని చూసింది. ఏడ్చేవాళ్లని, కాళ్ల మీద పడేవాళ్లని, ఎదురు కేసు పెట్టేవాళ్లని. అడక్కుండా డబ్బు తిరిగిచ్చినవాణ్ణి మాత్రం చూడలేదు. మెసేజీలు ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టింది.

ప్రకటన కింది వరుసలో ఓ వాక్యం ఉంది. 'చెవి మిషన్లతో బాగా పనిచేస్తుంది.' పాత ఫోన్ అమ్మేవాడు బ్యాటరీ గురించి రాస్తాడు, కెమెరా గురించి రాస్తాడు. వీడు చెవి మిషన్ల గురించే రాశాడు. ఎవరు అడిగినా అమ్మినవాడి మొదటి ప్రశ్న ఒకటే. 'మిషన్లు ఎవరికండీ? పెద్దవాళ్లకా, పిల్లలకా?' మా నాన్నగారికి అన్నవాళ్లకి మర్నాడే డబ్బు వెనక్కి వెళ్లింది. మా అమ్మమ్మకి అన్నవాళ్లకీ అంతే. పిల్లలకి అన్నవాళ్లకి రెండో ప్రశ్న. 'బాబా, పాపా? ఎన్నేళ్లు?' బాబు అన్నవాళ్లకి డబ్బు వెనక్కి. పాప, పన్నెండేళ్లు అన్నావిడకి డబ్బు వెనక్కి.

పాప, ఆరేళ్లు అన్నది ఒక్కతే. ఆమెకే ట్రాకింగు లింకు వెళ్లింది.

"వల ఊరంతా వేశారు," అంది ఆరా, తనలో తను అనుకుంటున్నట్టు. "కావలసింది ఒక్క చేప."

"ఏంటి మేడం?"

"అద్దెకి తీసుకున్నవాడు ఎలా ఉంటాడు?"

"పొడుగ్గా, నీటుగా ఉంటాడు. మాట మెత్తన. ఒక్కటే వింతగా అనిపించింది. రెండు చేతులకీ రెండు వాచీలు పెట్టుకున్నాడు."

ఆరా స్టూలు మీంచి లేచింది. ఆ మనిషి పేరూ ఊరూ అడగనక్కర్లేదు. ఆరేళ్లు అతని పక్క కుర్చీలోనే కూర్చుని పనిచేసింది.

*

డిటెక్టివు వృత్తిలో ఉన్నవాళ్లంతా అతన్ని జంటవాచీలు అనేవారు. ఎడమ చేతిది నా టైము, కుడి చేతిది క్లయింటు టైము అని అతనే గర్వంగా చెప్పుకునేవాడు. కుడి వాచీ నడిచినంతసేపూ ఫీజు నడిచేది. తప్పిపోయినవాళ్లని వెతకడంలో అతన్ని మించినవాడు లేడు. వెతికించేవాడు ఎందుకు వెతికిస్తున్నాడని ఆరా అడిగేది. అతను అడిగేవాడు కాదు. ఆ ఒక్క ప్రశ్న దగ్గరే ఇద్దరి దారులూ విడిపోయాయి.

సాయంత్రం నాలుగు దాటుతుండగా ఆమె అతని ఆఫీసు తలుపు తోసుకుని లోపలికి వచ్చేసరికి అతను కంప్యూటరు ముందు కూర్చుని టీ తాగుతున్నాడు.

"ఆరా! ఇన్నాళ్లకి దారి తప్పావా?"

"నేను తప్పలేదు. ఓ ఫోన్ పార్సిల్ తప్పింది."

అతని కప్పు నోటి దగ్గర క్షణం ఆగింది. తర్వాత తాపీగా బల్ల మీదికి దిగింది. "అయితే మెకానిక్ నోరు విప్పాడన్నమాట. ఐదు చుక్కలవాడు, అర చుక్క ధైర్యం లేదు. కూర్చో."

"దొంగ ట్రాకింగు పేజీలు పెట్టే స్థితికి ఎప్పుడు దిగజారావు?"

"దిగజారడమేంటి? ఎవరి డబ్బు తిన్నాను? అందరికీ తిరిగిచ్చాను."

"దర్జీ అమ్మాయికి ఇవ్వలేదు."

"ఇస్తాను. ఇప్పుడే ఇచ్చేస్తే ఆమె ఆ పేజీ చూడటం మానేస్తుంది." ఏదో చిన్న కిటుకు నేర్పుతున్నట్టే చెప్పాడు. "ఫోన్ వస్తుందని ఆశ ఉన్నంతసేపూ మనిషి ఆ పేజీ తెరుస్తూనే ఉంటాడు ఆరా. తెరిచిన ప్రతిసారీ ఎక్కడున్నాడో నాకు తెలుస్తుంది. పార్సిల్‌ని వాళ్లు ట్రాక్ చేస్తున్నామనుకుంటారు. వాళ్లని నేను ట్రాక్ చేస్తాను. ఇంటింటికీ తిరిగి చెప్పులరగదీసే రోజులు పోయాయి."

"మేడ మెట్ల మీద కూర్చున్నది నువ్వేనా?"

"నేనే. నడుం పట్టేసింది."

"'డెలివర్ అయింది' అని ఎందుకు పెట్టావు?"

"అది ఆమెకి కాదు, నా క్లయింటుకి. అతనూ అదే పేజీ చూస్తుంటాడు. డెలివర్ అయిందంటే దొరికిందని మా సంకేతం. ఫొటో ఆమెకి కనబడకుండా దాచడం మర్చిపోయాను. అదొక్కటే నా పొరపాటు."

ఆరా బల్ల మీదికి వంగింది. "క్లయింటు ఎవరు?"

"చెప్పను. వృత్తి ధర్మం."

"తాళం వేసున్న ఇంటి ముందు పొంచి కూర్చున్నవాడు ధర్మం మాట ఎత్తకూడదు. ఎవరు?"

జంటవాచీలు నవ్వాడు. "నువ్వనుకుంటున్నంత ఘోరమేం కాదు. తండ్రి. ఆ పాప కన్నతండ్రి. పెళ్లాం చెప్పాపెట్టకుండా పిల్లని తీసుకుని వెళ్లిపోయింది. ఈ ఊరు బస్సెక్కిందని మాత్రం తెలుసట. పాపకి రెండు చెవులకీ మిషన్లు, ఫలానా కంపెనీవి, వాటికి ఫలానా ఫోనే కావాలి అని చెప్పాడు. ఆ ముక్క చాలింది నాకు. నా ముందు కూర్చుని బొటబొటా కన్నీళ్లు పెట్టుకున్నాడు ఆరా. నువ్వు కూడా కరిగిపోయేదానివి."

లేరక్కా. ఆరా చెవుల్లో ఆ మాట మళ్లీ వినబడింది. లేరంటే చనిపోయారని తనే అర్థం చేసుకుంది. 'ఇక్కడ లేరు' అన్న అర్థంలో ఆ అమ్మాయి అబద్ధం చెప్పకుండానే దాటేసింది. ఆ క్షణంలో ఇంకొక్క ప్రశ్న, ఒకే ఒక్క ప్రశ్న, అడిగి ఉండాల్సింది.

"అతను ఏమేం తెలుసుకోమన్నాడు? నీకెప్పుడూ పాయింట్లు కావాలి కదా. వరసగా చెప్పు."

"ఎక్కడుంటోంది. ఎక్కడ పని. ఏ దారిన నడిచి వస్తుంది. ఎప్పుడు ఒంటరిగా ఉంటుంది. చుట్టుపక్కల పలకరించేవాళ్లెవరైనా ఉన్నారా..." అతని మాట నెమ్మదించింది.

"ఆపావేం? పాప ఏ బడికెళ్తుందో అడిగాడా?"

అతను టీ కప్పుని బల్ల మీద పక్కకి జరిపాడు.

"పాప ఎలా ఉంది, మాటలొస్తున్నాయా, అన్నం తింటోందా, నన్ను తలుచుకుంటోందా?"

"లేదు."

"పిల్ల కోసం ఏడ్చేవాడు పిల్ల గురించి అడుగుతాడు. వీడు ఆమె ఒంటరిగా ఉండే వేళ అడిగాడు. పక్కవాళ్లు పలకరిస్తారా అని అడిగాడు. పాప అతనికి ఓ గుర్తు మాత్రమే. పసుపు బూట్ల లాగా. ఆమెని పట్టుకోవడానికి గుర్తు."

జంటవాచీలు కుర్చీలో కదిలాడు. ఎదుటివాడి మాట తలకెక్కినా ఒప్పుకోని మనిషి అతను. ఇప్పుడు కూడా ఒప్పుకోలేదు. కానీ కుడి చేతి వాచీ విప్పి సొరుగులో వేశాడు.

"ఎంతవరకూ ఇచ్చావు అతనికి?"

"అన్నీ ఇచ్చాను. నిన్నే. ఇల్లు, వేళలు, ఫొటో. పేజీ పాస్‌వర్డు కూడా ఇచ్చేశాను. ఫీజు మొత్తం అందాక నాకెందుకు ఆ పేజీ?"

"నా అదృష్టం బాగుంది," అని ఆరా ఊపిరి వదిలింది. "పొద్దున్నే ఆమెని అక్కణ్ణుంచి తీసుకొచ్చేశాను. ఇప్పుడు వెళ్తే అతనికి తాళమే కనిపిస్తుంది."

"ఎక్కడ పెట్టావు?"

"నీకెందుకు చెబుతాను?"

అతను కంప్యూటరు కేసి తిరిగి ఆ పేజీ తెరిచాడు. మౌస్ మీది చెయ్యి అలాగే ఉండిపోయింది.

"ఆరా," అన్నాడు. "ఇవి నేను పెట్టినవి కావు."

ఆమె బల్ల చుట్టూ వచ్చి చూసింది. 'డెలివర్ అయింది' అన్న మాట కింద ఇవాళ కొత్త వరుసలు చేరాయి. మొదటిది మధ్యాహ్నం పన్నెండు దాటాక పడింది.

'క్షమించండి. మీ తలుపు దగ్గర పెట్టిన పార్సిల్‌ని పొరపాటున మా వాళ్లే వెనక్కి తెచ్చేశారు. మీ ఫోన్ మా దగ్గరే భద్రంగా ఉంది. మీరు ఇంట్లో లేరు. ఇప్పుడు ఎక్కడున్నారో చిరునామా ఇస్తే ఈరోజే తెచ్చిస్తాం.'

"వెళ్లాడు. తాళం చూశాడు," అంది ఆరా.

దాని కింద, కొన్నవాళ్లు రాసుకునే గడిలో, జవాబు. అక్షరాల్లో కూడా సంతోషం తెలుస్తోంది. 'చాలా థాంక్స్ అండీ. మా పాప రోజూ అడుగుతోంది.' ఆ కింద ఓ ఇంటి నంబరు, వీధి.

జంటవాచీలు అది చదివి మెల్లిగా తలెత్తాడు. ఆ ఇంటికి ఒకప్పుడు అతను ఎన్నోసార్లు వచ్చాడు. "ఇది మీ ఇల్లు కదూ?"

అమ్మినవాడు ఫోన్ చేస్తే ఎత్తకు అని చెప్పింది ఆరా. మెసేజీకి జవాబివ్వకు అని చెప్పింది. ట్రాకింగు పేజీ ముట్టుకోకు అని చెప్పలేదు. ఆ అమ్మాయి దృష్టిలో అమ్మినవాడు వేరు, కొరియరు వేరు. తలుపు దాకా వచ్చింది ఎవడో దొంగ. పార్సిల్ పొరపాటు కొరియరు వాళ్లది. అందులో తప్పేముంది?

ఆరా అత్తగారి సెల్లుకి ఫోన్ చేసింది. మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు. దర్జీ అమ్మాయి నంబరుకి చేసింది. ఇంకో కాల్లో ఉందని వచ్చింది.

"పోలీసులకి చెయ్యి. మా ఇంటి అడ్రసు చెప్పు. వాళ్లు నవ్వితే నీ పేరు చెప్పు, ఏం చేశావో చెప్పు. చెయ్యి!"

అతను ఫోన్ అందుకున్నాడు. ఆరా మళ్లీ అత్తగారికి చేసింది. మోగుతుండగానే ఆమె కళ్లెదుట ఆ పేజీ కదిలింది. కొత్త వరుస పడింది.

'మీ గేటు దగ్గర ఉన్నాం. మీరే స్వయంగా కిందికి వచ్చి తీసుకోవాలి.'

దాని పక్కన వెంటనే చిన్న అక్షరాలు వెలిగాయి. 'చూశారు.'

ఆరా కీబోర్డు లాక్కుంది. 'కిందికి దిగకు. వాడు మీ ఆయన. ఆరా' అని కొట్టి పంపింది. ఆ వరుస అన్నిటికంటే కింద పడి అలాగే ఉండిపోయింది. పక్కన ఏ అక్షరాలూ వెలగలేదు.

"హలో?" అత్తగారి గొంతు. "వస్తున్నా వస్తున్నా అంటుంటే ఏంటే అమ్మాయ్, అలా మోగిస్తూనే ఉన్నావు? మోకాళ్లు నావా, నీవా?"

"అత్తయ్యా, ఆ అమ్మాయి ఏది?"

"ఇప్పుడే కిందికెళ్లింది. ఏదో ఫోన్ వచ్చిందిట. ఎంత సంబరపడిపోయిందో! చెప్పులు కూడా వేసుకోలేదు. పాప నేనూ నేనూ అని వెనకాలే పరుగెత్తింది."

"బాల్కనీలోకి వెళ్లండి. ఆమెని పైకి పిలవండి. గట్టిగా!"

"ఏమైందే?"

"వెళ్లండి అత్తయ్యా, మీకు దణ్ణం పెడతాను!"

అడుగుల చప్పుడు. తలుపు గొళ్లెం తీసిన చప్పుడు. ఆవిడ ఆయాసం. ఎన్నాళ్లనుంచో ఆ గొళ్లెం బిగుసుకుపోయి ఉంది, బాగు చేయిస్తానని ఆరాయే వాయిదా వేస్తూ వచ్చింది.

"ఆఁ, కనిపిస్తున్నారు. గేటు దగ్గర వ్యాను ఉంది. అబ్బాయి టోపీ పెట్టుకున్నాడు, మొహానికి మాస్కు. పెట్టె ఇస్తున్నాడులే, ఎందుకంత కంగారు? అరె... పాపతో చేతులతో మాట్లాడుతున్నాడే! వేళ్లు ఎంత చక్కగా తిప్పుతున్నాడో. పాప నవ్వుతోంది. కొరియరు వాళ్లకి కూడా ఆ భాష నేర్పిస్తున్నారా ఇప్పుడు?"

"అరవండి అత్తయ్యా! అరవండి!"

అత్తగారు అరిచింది. జీవితమంతా మాట్లాడుతూ గడిపిన ఆ గొంతు రెండు వీధులకి వినబడేంత గట్టిగా లేచింది. దాని వెనకే ఏదో పెద్ద తలుపు ఈడ్చి మూసిన చప్పుడు. ఇంజను. తర్వాత ఫోన్లో గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు.

జంటవాచీలు రిసీవరు చేత్తో మూసి ఆమె కేసి చూస్తున్నాడు.

"అత్తయ్యా?" అంది ఆరా. "ఏం కనిపిస్తోంది? చెప్పండి."

"వ్యాను వెళ్లిపోయింది." ఆవిడ గొంతు గుర్తుపట్టలేనంత చిన్నదైపోయింది. "పాప ఒక్కతే గేటు దగ్గర నిలబడింది. చేతిలో పెట్టె పట్టుకుని అటూ ఇటూ చూస్తోందే."